600 కిలోమీటర్ల రైడ్‌కు ఎంటీబీలో ఏ గేర్లు ఉండాలి?

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి): అన్నా, నాది 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ ఎంటీబీ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైక్ సైకిల్). ముందు పెడళ్ళ దగ్గర 32 పళ్ళ చైన్‌రింగ్ ఒక్కటే, వెనక 11-50 పన్నెండు స్పీడ్ క్యాసెట్, అంటే 11 నుంచి 50 పళ్ళ దాకా పన్నెండు చక్రాల గుత్తి. 200 బీఆర్‌ఎం (గడువులోపు పూర్తి చేయాల్సిన 200 కిలోమీటర్ల సైకిల్ రైడ్) పూర్తయింది. ఈ చలికాలం 400, 600 తొక్కాలనుంది. ఆ తర్వాత బ్యాగులు కట్టుకుని నల్లమల, హార్స్‌లీ హిల్స్ వైపు పోవాలనుంది. నా బరువు 76 కిలోలు. హైవే మీద గేర్ అయిపోయి కాళ్ళు ఖాళీగా తిరుగుతున్నాయి. 38 వేయించుకో అని కొందరు, ముందు రెండు చైన్‌రింగులు పెట్టించు అని కొందరు అంటున్నారు. డబ్బు పెట్టాక తప్పయితే ఎట్లా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, 38 వద్దు. ఇప్పుడున్న 32నే ఉంచుకో, కావాలంటే తర్వాత 34కు పోవచ్చు, అంతకు మించి ఎక్కకు. ముందు రెండు చైన్‌రింగులు పెట్టించే ఖర్చు కూడా అక్కర్లేదు. ఎందుకో లెక్కతో సహా చెప్తాను, ఎందుకంటే రేపు ఇంకొకరు 40 వేసుకో అన్నప్పుడు నీ దగ్గర సమాధానం ఉండాలి.

నీ టైరు 2.25 సైజు అనుకుంటే చక్రం ఒక చుట్టుకు సుమారు 2.29 మీటర్లు పోతుంది. ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగించి దీంతో గుణిస్తే, పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి ఎంత దూరం పోతుందో వస్తుంది. 32ని 11తో భాగిస్తే 2.91, అంటే 6.66 మీటర్లు. నిమిషానికి 85 చుట్లు తిప్పితే గంటకు 34 కిలోమీటర్లు. ఇది నీ బండి టాప్ గేర్. చదునైన రోడ్డు మీద, గాలి లేనప్పుడు, ఎంటీబీ మీద నిటారుగా కూర్చుని ఒంటరిగా 34లో పోవాలంటే నా అంచనాలో 300 వాట్ల దాకా కావాలి. అంత శక్తిని గంటల తరబడి తీయగలిగేవాడు ఇట్లాంటి ప్రశ్న అడగడు, రేసుల్లో ఉంటాడు. నీకు హైవే మీద గేర్ అయిపోయిందంటే అది దిగుడు అయ్యుండాలి, లేదా వెనక నుంచి గాలి తోసి ఉండాలి. రెండు సందర్భాల్లోనూ కాళ్ళు ఆపి, కాస్త నీళ్ళు తాగి, నడుం వంచి కూర్చోవడం మేలు. ఉచితంగా వచ్చే వేగానికి చెమటోడ్చడం దేనికి?

ఇంకో లెక్క చూడు. 600 బీఆర్‌ఎంకు గడువు 40 గంటలు. తిండికి, నిద్రకు, కంట్రోల్ పాయింట్లకు కలిపి 8 గంటలు తీసేసినా మిగిలిన 32 గంటల్లో తొక్కాల్సిన సగటు వేగం 19 కిలోమీటర్లు కూడా కాదు. 400కు 27 గంటలు. కథ అంతా 13 నుంచి 26 కిలోమీటర్ల వేగం మధ్యే నడుస్తుంది. 38 వేస్తే నీకు దొరికేది 34 నుంచి 40 మధ్య ఉన్న వేగం. ఒక 5 కిలోమీటర్ల దిగుడులో 34 బదులు 40లో పోతే మిగిలేది నిమిషంన్నర కూడా కాదు. అదే 5 కిలోమీటర్ల ఎక్కుడులో గేర్ చాలక దిగి నడిస్తే గంటకు 4 కిలోమీటర్లు, 75 నిమిషాలు. మెల్లగా గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో తొక్కుకుంటూ పోతే 50 నిమిషాలు. అంటే ఒక్క ఘాట్‌లోనే 25 నిమిషాలు.

అందుకే చిన్న గేర్ గురించి ఎక్కువసేపు ఆలోచించాలి. నువ్వు 76, సైకిల్ ఒక 14, నీళ్ళు సామాను 5 అనుకుందాం, మొత్తం 95 కిలోలు. 10 శాతం ఎక్కుడు వచ్చింది. 32-50 గేర్‌లో (ముందు 32, వెనక 50) నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 5.3 కిలోమీటర్లు, దానికి సుమారు 150 వాట్లు కావాలి. 38-50లో అదే 60 చుట్లకు వేగం 6.3, కావలసింది సుమారు 178 వాట్లు. పొద్దున ఆరింటికి ఈ తేడా నీకు తెలియదు. 178 అంటే నవ్వుకుంటూ తొక్కుతావు. తేలేది పద్నాలుగో గంటలో. అప్పుడు నీ దగ్గర 178 ఉండదు, కాబట్టి చుట్లు తగ్గుతాయి. 60 కాస్తా 45కు, 40కు పడుతుంది. అదే శక్తిని 60 చుట్లకు బదులు 40 చుట్లలో పెట్టాలంటే ప్రతి తొక్కుకూ ఒకటిన్నర రెట్లు బలం వేయాలి. ఆ బలం మోకాళ్ళ మీద పడుతుంది, తొడలు ముందుగానే ఎండిపోతాయి. మోకాలి చిప్ప దగ్గర నొప్పితో 400లో ఆగిపోయేవాళ్ళను చూస్తుంటాను, చాలామందికి రెండు కారణాలు: సీటు కిందికి ఉండడం, పెద్ద గేర్ వేసి కూరుకుపోవడం. ఊపిరి ఆడకపోతే రెండు నిమిషాలు ఆగితే సర్దుకుంటుంది, మోకాలు అట్లా సర్దుకోదు.

కడప జిల్లాలో ఉన్నావు కాబట్టి ఊరికే ఎత్తులు గుర్తు పెట్టుకో. కడప సముద్రమట్టానికి సుమారు 138 మీటర్లు. హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి, రాయచోటి మీదుగా మదనపల్లె వైపు పోయి ఆ కొండ ఎక్కావంటే నికరంగా 1,100 మీటర్లకు పైగా ఎక్కినట్టు, మధ్యలో దిగి మళ్ళీ ఎక్కినవి లెక్కలో లేవు. పైగా అసలు కొండ చివర్లో వస్తుంది, నీ కాళ్ళలో పస అయిపోయాక. గువ్వలచెరువులో చాలామంది పాలకోవా కోసం ఆగామంటారు గానీ, ఊపిరి తీసుకోవడానికి ఆగారని ముఖం చూస్తే తెలుస్తుంది. ఆ ఘాట్‌లో లారీలు పాకుతూ ఎక్కుతుంటాయి, పక్కన సైకిల్ వంకర్లు తిరగకుండా తిన్నగా పోవాలంటే కూడా చిన్న గేర్ కావాలి. పెద్ద గేర్‌లో నిమిషానికి 35 చుట్లు తొక్కేవాడి బండి ప్రతి తొక్కుకూ అటూ ఇటూ ఊగుతుంది. ఇది సరదా విషయం కాదు.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని సంగతికి వస్తాను. గేర్ల గురించి మాట్లాడేవాళ్ళందరూ టాప్ గేర్ ఎంత, చిన్న గేర్ ఎంత అని రెండు కొసలే చూస్తారు. దూరం తొక్కేవాడు బతికేది మధ్యలో. అనంతపురం వైపు తొక్కితే ఇది తొందరగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇక్కడ కొండ కంటే గాలి పెద్దది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి మొదలైతే తాడిపత్రి నుంచి అనంతపురం రావడం ఒక బండ పని. లెక్క చెప్తాను. గాలి లేనప్పుడు 140 వాట్లతో నువ్వు గంటకు 24 కిలోమీటర్ల వేగంతో పోతావు. ఎదురుగా గంటకు 25 కిలోమీటర్ల గాలి ఉంటే అదే 140 వాట్లకు 13 మాత్రమే వస్తుంది. రోడ్డు చూడడానికి చదునే, కాళ్ళకు మాత్రం 3 శాతం ఎక్కుడు. కొండకు ఒక కొస ఉంటుంది. గాలి నాలుగు గంటలు అట్లాగే ఉంటుంది. దానికి తోడు మన రోడ్లు చదునుగా కనిపిస్తూనే మెల్లగా మిట్టకు పోతుంటాయి. అనంతపురం 335 మీటర్ల ఎత్తు, హిందూపురం 600కు పైన. ఆ దారిలో ఎక్కడా ఘాట్ అని చెప్పుకునేది లేకుండానే కాళ్ళు బరువెక్కుతాయి.

ఈ 13 నుంచి 24 మధ్య వేగానికి, నిమిషానికి 80 చుట్ల చొప్పున, 32 చైన్‌రింగ్‌తో వెనక 28 నుంచి 15 దాకా పళ్ళు వాడతావు. కాబట్టి క్యాసెట్ కొనేటప్పుడు చూడాల్సింది ఆ 15-28 మధ్య మెట్లు ఎంత దగ్గరగా ఉన్నాయని. నీ 11-50 వరస ఇది: 11, 13, 15, 17, 19, 22, 25, 28, 32, 36, 42, 50. మధ్యలో ప్రతి మెట్టూ 12 నుంచి 16 శాతం లోపే. చాలా మంచి వరస, దూరానికి కూడా. అదే షిమానో కంపెనీ పదకొండు స్పీడ్ డియోర్ 11-51లో 11, 13, 15, 18, 21, 24, 28 అని పోతుంది. 15 నుంచి 18కి ఒక్కసారిగా 20 శాతం. అంటే 15 పళ్ళ మీద 80 చుట్లు తిప్పుతూ కాస్త బరువనిపించి మార్చావంటే ఆ వేగం నిలవాలంటే 96 తిప్పాలి. అదీ కుదరక, ఇదీ కుదరక గంటల పాటు రెండు గేర్ల మధ్య ఊగిసలాడతావు. మెట్లు సరిగ్గా లేని బావిలో నీళ్ళు మోసినట్టుంటుంది. మొదటి నూరు కిలోమీటర్లకు పట్టదు గానీ మూడొందలు దాటాక అలసటంతా అక్కడే చేరుతుంది. పదకొండు స్పీడే వాడేవాళ్ళు, కొండలు పెద్దగా లేని దారుల్లో తిరిగేవాళ్ళు, 11-42 వేసుకుని ముందు 30 పెట్టుకుంటే మధ్య మెట్లు దగ్గరపడతాయి: 15, 17, 19, 21, 24, 28. 30-42 అంటే, 30ని 42తో భాగిస్తే 0.71 (ఇది ఎంత తగ్గితే ఎక్కుడు అంత తేలిక), ఉత్త బండికి సరిపోతుంది, సామాను కట్టిన బండికి చాలదు.

పన్నెండు స్పీడ్ షిమానో 10-51 మంచిదంటారు కదా అని అడగొచ్చు. మంచిదే. కానీ 10 పళ్ళ చక్రం ఉన్న క్యాసెట్ నీ హబ్‌కు (వెనక చక్రం నడిమి భాగానికి) ఎక్కదు. షిమానోకు మైక్రో స్ప్లైన్, స్రామ్ కంపెనీదానికి ఎక్స్‌డీ రకం ఫ్రీహబ్ (హబ్ మీద క్యాసెట్ ఎక్కే భాగం) ఉండాలి. నీ 11-50 ఎక్కేది పాత హెచ్‌జీ హబ్ మీద. ఫ్రీహబ్ మార్చి, క్యాసెట్ మార్చి, 10 పళ్ళ గేర్ తెచ్చుకుని ఏం చేస్తావు? పైన చెప్పిన 34 కిలోమీటర్ల లెక్కే మళ్ళీ చదువు.

34 చైన్‌రింగ్ ఎప్పుడు వేసుకోవచ్చంటే, నువ్వు సామాను లేకుండా హైవే బీఆర్‌ఎంలే ఎక్కువ చేస్తూ, చదునులో 26 దగ్గర నిలకడగా పోతున్నప్పుడు. 32తో ఆ వేగానికి 13కు, 15కు మధ్య ఇరుక్కుంటావు. 34తో 15 పళ్ళ మీద కుదురుకుంటావు, చైన్ కూడా కాస్త తిన్నగా ఉంటుంది. చిన్న పళ్ళ మీద చైన్ ఎక్కువ వంగుతుంది, కొంత శక్తి అక్కడే పోతుంది, 11, 13 పళ్ళు తొందరగా అరిగిపోతాయి కూడా. 34-50 అంటే 0.68, ఘాట్‌లో ఇంకా బతకొచ్చు. కాబట్టి 400, 600 అయిపోయాక నీకే తెలుస్తుంది. నల్లమలకు బ్యాగులతో పోయేటప్పుడు మళ్ళీ 32. చైన్‌రింగ్ మార్చడం పెద్ద పని కాదు, రెండూ దగ్గర పెట్టుకోవచ్చు. 34 వేసే ముందు ఫ్రేమ్ ఎంత పెద్ద చైన్‌రింగ్‌ను పడుతుందో కంపెనీ వివరాల్లో చూడు. చాలా ఎంటీబీ ఫ్రేముల్లో 34, 36 దాటితే పళ్ళు చైన్‌స్టేకు (వెనక చక్రం వైపు పోయే ఫ్రేమ్ గొట్టానికి) తగులుతాయి. 38 వేయించుకో అన్నవాళ్ళు ఈ ముక్క చెప్పి ఉండరు. బరువు 85 దాటినవాళ్ళు, పైగా సామాను కడితే, సిగ్గుపడకుండా 30 వేసుకోండి.

టూర్ డివైడ్ వాళ్ళు 34, 36 పెడతారని ఎవరో ఒకరు తెస్తారు. కెనడాలోని బాన్ఫ్ నుంచి అమెరికా, మెక్సికో సరిహద్దు దాకా 4,000 కిలోమీటర్ల పైచిలుకు తొక్కే రేసు అది. ముందు వరసలో పోయేవాళ్ళ కాళ్ళు వేరు, వాళ్ళు మోసే సామాను గ్రాములతో సహా తూచుకున్నది. వాళ్ళ బ్యాగుల కట్టు చూసి నేర్చుకో, చైన్‌రింగ్ చూసి కాదు.

ముందు రెండు, మూడు చైన్‌రింగుల సంగతి. ఇది పాతబడిందని వెక్కిరించేవాళ్ళతో నేను ఏకీభవించను. 44-32-22, వెనక 11-34 తొమ్మిది స్పీడ్ ఉన్న బండి ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని అమ్మాల్సిన పని లేదు. 22-34 అంటే 0.647, నీ 32-50 అంటే 0.64. కొండ మీద రెండూ ఒకటే. మధ్య 32 మీద ఉంటే 15, 17, 20, 23, 26 మెట్లు దొరుకుతాయి, గాలిలో అవి చాలు. చైన్, క్యాసెట్ చవక, ఏ చిన్న ఊళ్ళోనైనా దొరికే అవకాశం ఎక్కువ. ఇబ్బందల్లా ముందు వైపు డిరైలర్‌తోనే, అంటే చైన్‌ను ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి నెట్టే పరికరంతోనే. రాత్రి మూడింటికి నిద్రమత్తులో, ఎక్కుడు మొదలయ్యాక ముందు చైన్‌రింగ్ మార్చబోతే చైన్ జారి పడుతుంది. ఎక్కుడు కనిపించగానే, బలం వేయకముందే మార్చుకునే అలవాటు ఉండాలి. నీ దగ్గర ఒక్క చైన్‌రింగ్ బండి ఉంది కాబట్టి, దాన్ని మార్చి రెండు పెట్టించాలంటే షిఫ్టర్, డిరైలర్, క్రాంక్ అన్నీ మారాలి, చాలా ఫ్రేములకు ముందు డిరైలర్ బిగించే చోటే ఉండదు. ఆ డబ్బుతో మంచి టైర్లు కొను.

21 గేర్ల మామూలు ఎంటీబీ వాళ్ళకు ఒక మాట. ముందు 42-34-24, వెనక 14-28 ఏడు స్పీడ్ ఫ్రీవీల్ (పాత రకం పళ్ళ చక్రాల గుత్తి) ఉంటుంది. చిన్న గేర్ 24-28, అంటే 0.86. ఘాట్‌కు చాలదు. 14-34 ఫ్రీవీల్ వేయించుకుంటే 0.71కి వస్తుంది, ఖర్చు తక్కువ. ఆ రకంలో 24 పళ్ళ తర్వాత నేరుగా 34కు దూకుతుంది, పెద్ద గెంతే. అయినా కొండ కింద ఆ గెంతు వరం. వెనక డిరైలర్ 34 పళ్ళు పడుతుందా, చైన్ పొడవు చాలుతుందా అని ముందే అడుగు.

టైర్లు అన్నాను కదా. గుబురు పళ్ళ బురద టైరుతో 600 పోవాలనుకుంటున్నావేమో. మధ్యలో నున్నగా, అంచుల్లో గుబ్బలున్న టైరు వేసుకుంటే అదే గేర్ ఒక మెట్టు తేలికవుతుంది. గాలికి ఎదురుగా ముంజేతులు హ్యాండిల్ మీద ఆనించి వంగి కూర్చోవడం నేర్చుకుంటే ఇంకో మెట్టు. ఈ రెండూ చేశాకే చైన్‌రింగ్ గురించి మాట్లాడు. తుమ్మ ముళ్ళకు ట్యూబ్‌లెస్ టైరు, లోపల చిల్లులు పూడ్చే సీలెంట్ ద్రవం తప్పదు, ఇది నీకు చెప్పక్కర్లేదు.

32 చాలుతుందా లేదా అని ఊహించడం మానేసి పరీక్ష పెట్టుకో. 600కు మోసే సామానంతా కట్టు. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు, కడప, యర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు రా, నూరు కిలోమీటర్లు దాటుతుంది. ఆ తర్వాత గండికోట ఎక్కు, మధ్యాహ్నం ఎండలో. సీట్లో కూర్చునే, 60 చుట్లతో, ఆయాసం లేకుండా మాట్లాడుకుంటూ ఎక్కగలిగితే నీ చిన్న గేర్ సరిపోయింది. లేచి నిలబడాల్సి వచ్చినా, చుట్లు 50కి పడిపోయినా ముందు 30 వేసుకో. తాజా కాళ్ళతో పొద్దున చేసిన పరీక్ష లెక్కలోకి రాదు.

ఇక మన నేలతో వచ్చే తంటాలు. యర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్ళ పొడి, సిమెంటు లారీల దుమ్ము తెల్లగా లేస్తుంది. చిక్కటి నూనె పూసిన చైన్ మీద ఆ పొడి కూర్చుంటే పళ్ళను ఆకురాయిలా అరగదీస్తుంది. ఎండాకాలంలో మైనం రకం లూబ్ వాడు, లేదా నూనె వేశాక గుడ్డతో పూర్తిగా తుడిచెయ్యి. పన్నెండు స్పీడ్ చైన్ 0.5 శాతం సాగగానే మార్చెయ్యి, లేకపోతే ఖరీదైన క్యాసెట్ కూడా దాంతోపాటే పోతుంది. జమ్మలమడుగు, కోయిలకుంట్ల నల్లరేగడి తడిసినప్పుడు మట్టి దారిలో గేర్ మార్చకు. ఆ మన్ను డిరైలర్ చిన్న చక్రాల్లో బిగుసుకుంటే, బలవంతంగా తొక్కినప్పుడు డిరైలర్, దాన్ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న ముక్క హ్యాంగర్‌తో సహా విరిగి స్పోకుల్లోకి పోతుంది. దిగు, పుల్లతో మన్ను తీయి, అప్పుడు కదులు. ఆత్మకూరు, దోర్నాల మధ్య అడవి దారిలో రాత్రిపూట వాహనాలను వదలరు, అందువల్ల అక్కడి ఎక్కుళ్ళను పగటి లెక్కలోనే పెట్టుకో.

38కు పెట్టాలనుకున్న డబ్బులో కొంత తీసి నీ ఫ్రేమ్‌కే సరిపోయే హ్యాంగర్ ఒకటి, తెగిన చైన్‌ను కలిపే పన్నెండు స్పీడ్ క్విక్ లింకులు రెండు జతలు, చైన్ తెంచే పనిముట్టు కొని బ్యాగులో వేసుకో. హ్యాంగర్ ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో రకం, కడపలో అడిగినా అనంతపురంలో అడిగినా అప్పటికప్పుడు దొరకదు, బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించాలి. డిరైలర్ పూర్తిగా పోతే చైన్ కురచ చేసి ముందు 32, వెనక 19 లేదా 22 మీద, చైన్ తిన్నగా ఉండే పళ్ళ చక్రం చూసుకుని బిగించు. గేర్ మార్చడానికి ఉండదు, బిగువు తగ్గితే చైన్ జారుతుంటుంది కాబట్టి మెల్లగా తొక్కాలి, కానీ బస్సు దొరికే ఊరి దాకా వస్తావు.